నోటిలో తెల్లమచ్చ, ఎర్రమచ్చ: ఇంట్లో చూసుకునే పద్ధతి, కనబడితే చేయవలసిన పనులు

గోదావరి లంకల్లో వరద తీసి ఒండ్రు ఆరాక వేసే పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. రాజమహేంద్రవరంలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలిసిందంటే ఈ పంటకూ ఈ ప్రాంతానికీ ఉన్న సంబంధం ఎంత పాతదో అర్థమవుతుంది. చుట్ట, బీడీ, కాడ పొగాకు, వక్కపొడి, ఇటీవలి దశాబ్దాల్లో వీటికి తోడైన గుట్కా, ఖైనీ, వీటిలో ఏదైనా ఏళ్ల తరబడి వాడినవారి నోటి లోపలి పొర నెమ్మదిగా మారుతుంది. పొర ముందు మందమవుతుంది, లేదా పలచబడుతుంది, రంగు మారుతుంది, అందులోని కణాల అమరిక చెదురుతుంది. ఈ స్థితి నెలలు కాదు, చాలామందిలో ఏళ్లు నిలిచి ఉంటుంది. ఎక్కువ మందిలో అది క్యాన్సర్‌గా మారదు, కొందరిలో మారుతుంది. ఎవరిలో మారుతుందో బయటి నుంచి చూసి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి, మార్పు కనబడిన ప్రతివారూ పరీక్ష చేయించుకోవాలి.

ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఒకటుంది. క్యాన్సర్‌కు ముందు దశలోని మచ్చ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనుక ఫరవాలేదని అనుకోవడం వల్లనే డెల్టా జిల్లాల నుంచి ఎందరో రోగులు గడ్డ కట్టిన తర్వాత, మెడలో బిళ్ల తేలిన తర్వాత ఆసుపత్రికి చేరుతున్నారు. నోరు కడుపులాగా మూసి ఉన్న అవయవం కాదు. వెలుతురు, అద్దం, ఐదు నిమిషాల ఓపిక ఉంటే లోపల ఉన్నది కంటికి కనబడుతుంది.

చూసుకోవడానికి సిద్ధం కావడం

నెలకు ఒకసారి చాలు. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఒకటో తారీఖు పెట్టుకోవడం సులువు, ఎందుకంటే పింఛను ఇంటికి వచ్చే రోజు కాబట్టి వాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, ఆ తేదీ ఎవరికీ గుర్తు చేయనవసరం లేదు. ముందుగా పళ్లు తోముకుని, నోరు బాగా పుక్కిలించాలి. కిళ్లీ ఎరుపు, పొగాకు గార అంటి ఉంటే అసలు రంగు తెలియదు. కట్టుడు పళ్లుంటే తప్పనిసరిగా తీసేయాలి. పై సెట్టు కింద అంగిలి దాగి ఉంటుంది, అక్కడి మార్పు సెట్టు తీయకపోతే ఎప్పటికీ కనబడదు. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని, ఫోను టార్చి వెలిగించి, చేతి అద్దం పట్టుకుంటే ఎవరికి వారే చూసుకోవచ్చు. అయితే చూపు మందగించిన పెద్దవాళ్ల నోటిని ఇంట్లో మరొకరు చూడటమే మేలు. అత్తగారు నోరు తెరిచి కూర్చుంటే కోడలు టార్చి పట్టుకుని చూడటంలో మొదటిసారి ఇద్దరికీ బిడియం ఉంటుంది. రెండోసారి ఉండదు.

చూసే వరుస

వరుస పెట్టుకోకపోతే కనబడిన చోటే మళ్లీ మళ్లీ చూసి, కనబడని చోటును వదిలేస్తాం. కాబట్టి ప్రతి నెలా ఒకే వరుసలో చూడాలి. మొదట పెదవులు: మూసి ఉన్నప్పుడు బయటి వైపు, తర్వాత కింది పెదవిని కిందికి, పై పెదవిని పైకి తిప్పి లోపలి వైపు. ఎండలో వేటకు వెళ్లే మత్స్యకారులు, పొలం పనివారు కింది పెదవి మీద మానని పొలుసు, పగులు, పెదవి అంచు గీత చెదిరిపోవడం గమనించాలి. ఖైనీ, పొగాకు పెట్టుకునేవారు దాన్ని ఏ సందులో ఉంచుతారో ఆ సందును పెదవి బాగా లాగి మరీ చూడాలి. పొగాకు నానే చోటే పొర ముడతలు పడి తెల్లబారుతుంది.

ఆ తర్వాత నోరు సగం తెరిచి, వేలితో బుగ్గను బయటికి లాగి, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, పెదవి మూల నుంచి చివరి దంతం వెనక వరకు లోపలి పొరంతా చూడాలి. పెదవి మూలకు కాస్త లోపల, పైపళ్లూ కిందిపళ్లూ కలిసే మట్టంలో తెల్లమచ్చలు తరచుగా వస్తాయి. చిగుళ్లను బయటి వైపు, లోపలి వైపు చూడాలి. నాలుకను బయటికి చాపి, దాని కొసను శుభ్రమైన పొడిగుడ్డతో పట్టుకుని ముందు ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు లాగి నాలుక అంచులు చూడాలి. అటు తర్వాత నాలుక కొసను అంగిలికి ఆనించి, నాలుక అడుగునూ, దాని కింద నోటి నేలనూ చూడాలి. నాలుక అంచులు, నాలుక కింది నేల, ఈ రెండు చోట్ల కనబడే మార్పు మిగతా చోట్లకన్నా ప్రమాదకరం కాబట్టి ఇక్కడ తొందర పడకూడదు. చివరగా తల వెనక్కి వాల్చి అంగిలి, 'ఆ' అంటూ కొండనాలుక, దానికి రెండు వైపుల టాన్సిల్సు చూడాలి. చూడటం అయ్యాక శుభ్రమైన వేలితో బుగ్గల లోపల, నాలుక అంచుల వెంట తడిమితే, కంటికి ఆనని గట్టిదనం వేలికి తెలుస్తుంది. దవడ కింద, మెడకు రెండు పక్కలా కూడా తడమాలి; అక్కడ బిళ్ల తగిలితే అది ముందు దశ ఆనవాలు కాకపోవచ్చు, కనుక వారాలు ఆగకుండా వెంటనే చూపించాలి.

మొదటిసారి చూసినప్పుడు చాలామంది మామూలు విషయాలకే బెదిరిపోతారు. బుగ్గ లోపల పళ్ల మట్టంలో సన్నని తెల్లగీత, బుగ్గల్లో ఆవగింజకన్నా చిన్న పసుపు చుక్కలు, నాలుక మొదట్లో వరసగా ఉండే గుండ్రని బుడిపెలు, అంగిలి మధ్యలో ఎన్నాళ్ల నుంచో ఉన్న గట్టి ఎముక బొడిపె, చిగుళ్ల మీద నల్లని లేదా గోధుమరంగు ఛాయ, ఇవన్నీ ఎందరికో పుట్టుకతోనో వయసుతోనో వచ్చేవి. నాలుక మీద పటంలా ఎర్రని ప్రదేశాలు ఏర్పడి, కొద్దిరోజులకు చోటు మారుతూ ఉంటే అది కూడా ప్రమాదం లేనిదే. ఫోనుతో ఫొటోలు తీసి తేదీ వేసి ఉంచుకుంటే, వచ్చే నెల ఏది పాతది, ఏది కొత్తది అన్న అనుమానం రాదు.

ఏ మార్పుకు ఏ అర్థం

తెల్లమచ్చ కనబడితే మొదట గాజుగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. పెరుగు మీగడలా ఊడివచ్చి కింద ఎర్రగా కనబడితే అది చాలావరకు బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వచ్చిన పూత. మధుమేహం ఉన్నవారిలో, కట్టుడు పళ్లు రాత్రి తీయనివారిలో, ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవారిలో ఇది ఎక్కువ, మందుతో తగ్గుతుంది. తుడిచినా ఊడని తెల్లమచ్చకు, వేరే జబ్బు ఏదీ కారణంగా తేలనప్పుడు, వైద్యులు పెట్టే పేరు ల్యూకోప్లేకియా. నున్నగా, ఒకే మందంతో, సమంగా ఉండే మచ్చకన్నా గరుకుగా, బుడిపెలతో, మధ్యమధ్య ఎరుపు కలిసి ఉన్న మచ్చ క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువ. ఏ అలవాటూ లేనివారిలో తెల్లమచ్చ వస్తే, అలవాటు లేదు గనుక భయం లేదనుకోకూడదు. అటువంటి మచ్చలనే వైద్యులు మరింత జాగ్రత్తగా గమనిస్తారు.

ఎర్రమచ్చ, అంటే ఎరిత్రోప్లేకియా, అరుదు. కానీ నున్నగా ముఖమల్‌లా మెరిసే ఎర్రమచ్చ, ఏ పుండూ కాలిన గాయమూ లేకుండా నిలిచి ఉంటే, ముక్క తీసి చూసిన చాలా సందర్భాల్లో తీవ్రమైన కణమార్పో, అప్పటికే మొదలైన క్యాన్సరో కనబడుతుంది. దీనికి గడువు ఇవ్వకుండా ఆ వారంలోనే చూపించాలి. రెండు బుగ్గల్లోనూ వలలాగా అల్లుకున్న సన్నని తెల్లగీతలు, కారం తగిలితే మంట ఉంటే అది లైకెన్ ప్లేనస్ కావచ్చు. దానిలో ప్రమాదం తక్కువే అయినా బొత్తిగా లేకపోలేదు, ఏడాదికొకసారైనా వైద్యుడు చూడాలి.

వక్క నమిలేవారి సంగతి వేరుగా చెప్పాలి. పొగాకు కలవని వక్కపొడి మంచిదేనన్న నమ్మకం మన ఊళ్లలో చాలా గట్టిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2003లోనే నిపుణులను సమావేశపరిచి, పొగాకు కలవకపోయినా వక్క మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమేనని తేల్చింది. వక్క వల్ల నోటి పొర కింద నారపోగులు పేరుకుని పొర బిగుసుకుపోతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. దీని మొదటి ఆనవాలు మచ్చ కాదు, మంట. నిన్నమొన్నటి వరకు ఆవకాయ కలిపి ఇష్టంగా తిన్న కుర్రవాడు ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకోలేక పెరుగన్నంతో సరిపెట్టుకుంటుంటే ఇంట్లోవాళ్లు గమనించాలి. తర్వాత బుగ్గలు పాలిపోయి, లోపల వేలికి తాళ్లలాంటి గట్టి చారలు తగులుతాయి, నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. కొలవడం తేలిక: ఎవరి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు వారే ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పెట్టి, పై ముందుపళ్లకూ కింది ముందుపళ్లకూ మధ్య దూర్చి చూసుకోవాలి. మూడు వేళ్లు పట్టడం మామూలు. రెండు వేళ్లే పడితే దంతవైద్యుడి దగ్గరకు వెళ్లే పని వాయిదా వేయకూడదు. గుట్కా, వక్క కలిసిన పొట్లాల వల్ల ఈ జబ్బు ఇరవై ఏళ్ల వయసు వారిలోనూ వస్తోంది, బిగుసుకున్న పొర అలవాటు మానినా పూర్తిగా పూర్వస్థితికి రాదు. మంట తగ్గుతుంది, ముదరడం ఆగుతుంది. అందుకే తొలిదశలో మానడానికి అంత విలువ.

అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చడం, ఉత్తరాంధ్రలో ఎక్కువైనా తీరం వెంబడి గోదావరి జిల్లాల వృద్ధ స్త్రీలలోనూ ఉంది. పొలంలో గాలికీ తడికీ చుట్ట ఆరిపోకుండా ఉండటానికీ, ఎక్కువసేపు రావడానికీ ఈ పద్ధతి అలవాటైంది. వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. శ్రీకాకుళం ప్రాంతంలో పదివేలకు పైగా గ్రామస్థుల అంగిళ్లను పరిశీలించి డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, భారతీయ సహచరులు 1971లో ప్రచురించిన అధ్యయనం తర్వాత ఈ అలవాటు ప్రపంచ వైద్యగ్రంథాలలోకి ఎక్కింది. అంగిలి తెల్లబారి పగుళ్లు తీయడం, దాని మీద మధ్యలో ఎర్రచుక్క ఉన్న బుడిపెలు లేవడం, రంగు పోయిన మచ్చలు, పుండ్లు, ఎర్రని ప్రదేశాలు, ఇవి చూడవలసిన ఆనవాళ్లు. మామూలు పద్ధతిలో చుట్టో బీడీయో కాల్చేవారి అంగిలిలో వచ్చే తెలుపు మానితే చాలావరకు పోతుంది, ప్రమాదమూ తక్కువ. అడ్డపొగ వారి అంగిలిలో వచ్చే మార్పును ఆ లెక్కలో వేయకూడదు. అమ్మమ్మ చుట్ట అడ్డం తిప్పి తాగుతుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి, వైద్యుడికి మాత్రం చెప్పకపోవడం మర్యాద అనుకుంటారు. దయచేసి చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తే వైద్యుడు అంగిలిని మరోసారి, మరింత శ్రద్ధగా చూస్తాడు.

గొంతు లోపలి మార్పు అద్దంలో కనబడదు, వినబడుతుంది. జలుబు లేకుండా గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యుడి చేత స్వరపేటికను చూపించుకోవాలి. సన్నని గొట్టపు కెమెరాతో చూసే ఆ పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. పాఠాలు చెప్పేవారు, సంతలో అరిచి అమ్మేవారు, పద్యాలు పాడేవారు గొంతు వాడకం వల్లనే బొంగురు వచ్చిందనుకుంటారు, చాలాసార్లు అది నిజమే కూడా. అయినా పొగ తాగేవారి స్వరతంత్రుల మీద తెల్లపొర ఉందో లేదో చూసి తేల్చవలసిందే.

రెండు వారాల గడువు

నోటిలో పుండు గానీ మచ్చ గానీ కనబడినప్పుడు మొదట కారణం వెతకాలి. విరిగిన పన్ను అంచు, సరిపడని కట్టుడు పళ్ల అంచు ఒరుసుకుంటుంటే దంతవైద్యుడి చేత దాన్ని అరగదీయించాలి. కారణం తీసేసిన తర్వాత రెండు వారాల్లో మానకపోతే దాన్ని ఇక మామూలు పుండుగా చూడకూడదు. అసలు కారణమే కనబడకపోతే, పుండు గానీ మచ్చ గానీ మొదట కనబడిన రోజు నుంచి రెండు వారాలు లెక్కపెట్టండి. ఈ గడువులో తేనె, గ్లిజరిన్, మందుల షాపులో ఇచ్చే బి-కాంప్లెక్స్ మాత్రలు వాడితే పెద్ద నష్టం లేదు. గడువు దాటాక అవే మాత్రలు నెల తర్వాత నెల మింగుతూ పోవడమే నష్టం. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఎంత ఆప్తులైనా, రెండు వారాలు దాటిన మచ్చకు ఆయన చేయగల మేలు ఒక్కటే, పెద్ద ఆసుపత్రికి వెళ్లమని చెప్పడం.

ఇంట్లో చూసుకోవడం శిక్షణ పొందినవారి చూపుకు బదులు కాదు. ముప్పై ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకొకసారి నోటి పరీక్ష చేయాలన్నది 2016 నుంచి దేశమంతటా అమలుకు పెట్టిన పద్ధతి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు టార్చితో నోరు చూసి అనుమానం ఉన్నవారిని ఆసుపత్రికి పంపిన అధ్యయనం 2005లో వెలువడింది. పొగాకు, మద్యం అలవాట్లున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయి. కేవలం కంటిచూపుతో ఇంత మేలు జరిగిన క్యాన్సర్లు తక్కువ.

ముక్క పరీక్ష

డెల్టాలో ఉన్నవారు కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రికి గానీ, భీమవరం, రాజానగరం దంత వైద్య కళాశాలలకు గానీ వెళ్లవచ్చు. దంత వైద్య కళాశాలలో 'ఓరల్ మెడిసిన్' విభాగం ఎక్కడని అడగండి, ఇటువంటి మచ్చలను చూడటమే ఆ విభాగం పని. అక్కడ అలవాటు ఏమిటి, ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎన్ని, మద్యం ఉందా అని అడుగుతారు. పొగాకుకు మద్యం తోడైతే ప్రమాదం ఒకటికి ఒకటి కలిసినదానికన్నా ఎక్కువవుతుంది గనుక సిగ్గుపడి దాచకూడదు. మచ్చ నున్నగా చిన్నదిగా ఉంటే కొన్ని వారాలు అలవాటు మాని మళ్లీ రమ్మనవచ్చు. తగ్గకపోయినా, మొదటిచూపులోనే అనుమానంగా ఉన్నా, బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడటం, చేస్తారు.

ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం వల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారు ఉన్నారు. ఇది నిజం కాదు. పన్ను తీసేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షనే ఇచ్చి, కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీసి, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేసి ఇంటికి పంపుతారు. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి, సొంతంగా మాత్రలు ఆపకూడదు. నీలిరంగు పూసి చూడటం, కాంతితో చూడటం వంటి పరీక్షలు ముక్క ఎక్కడ తీయాలో తెలుసుకోవడానికి సాయపడతాయి తప్ప ముక్క పరీక్షకు బదులు కావు.

రిపోర్టులో 'డిస్‌ప్లేసియా' అన్న మాట ఉంటే కణాల అమరిక చెదిరిందని అర్థం. అది క్యాన్సర్ కాదు. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లుగా రాస్తారు. స్వల్పమైతే చాలావరకు అలవాటు మాన్పించి మూడు నుంచి ఆరు నెలలకొకసారి చూస్తారు. తీవ్రమైతే మచ్చను కత్తితోనో లేజరుతోనో తీసేస్తారు. మధ్యస్థమైనదాన్ని చోటు, పరిమాణం, అలవాటు చూసి నిర్ణయిస్తారు. డిస్‌ప్లేసియా లేదని వచ్చినా మచ్చ ఉన్నంతకాలం చూపించుకుంటూ ఉండాలి, ఎందుకంటే తీసిన ముక్క మచ్చ మొత్తానికి సాక్ష్యం కాదు. తీసేసిన తర్వాత కూడా రాకపోకలు ఆపకూడదు, పొగాకు తగిలింది ఆ ఒక్కచోటే కాదు, నోరంతా తగిలింది. మరోచోట కొత్త మచ్చ లేవవచ్చు. విటమిన్ మాత్రలు, టమాటా రంగు పదార్థంతో చేసిన గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) కొందరికి మంట తగ్గిస్తాయి, కానీ మచ్చ క్యాన్సర్‌గా మారకుండా ఆపుతుందని రుజువైన మందు ఇప్పటివరకు లేదు.

మానడం ఒక్కటే ఎవరికి వారు చేసుకోగల చికిత్స. 1800-11-2356 అన్న జాతీయ పొగాకు విరమణ నంబరుకు డబ్బు లేకుండా ఫోను చేసి సలహా పొందవచ్చు. నికోటిన్ బిళ్లలు, పట్టీలు వైద్యుడి సలహాతో వాడవచ్చు. నోరు బిగుసుకున్నవారికి నమిలే బిళ్లకన్నా పట్టీ వీలుగా ఉంటుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో తాంబూలం పుచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు, వక్కను మాత్రం నోట్లో వేసుకోకుండా పక్కన పెడితే చాలు.

చికిత్స కోసం విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి పెద్ద చోటుకు పంపితే, ముక్క పరీక్ష రిపోర్టు కాగితంతోపాటు పరీక్ష చేసిన చోట భద్రపరిచిన గాజు స్లైడ్లను, ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మెలను కూడా అడిగి తీసుకోండి. అవి ఉంటే అక్కడి వైద్యులు అదే ముక్కను తామూ చూడగలుగుతారు. వాటితోపాటు నెలనెలా తీసిన ఫొటోలు, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవకు కావలసిన కార్డు ఒకే సంచిలో పెట్టుకుని, నోరు చూసిన ఇంటి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. మచ్చ ఎప్పుడు కనబడిందో, ఎంత పెరిగిందో వాళ్లకే బాగా తెలుస్తుంది.